క్వాసార్ పక్కన మచ్చ

ఆకాశంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫొటో నేను మొదటిసారి చూసింది తెనాలిలో మా వంటింటి గడప దగ్గర, ఒళ్ళో మినపగుళ్ళ పళ్ళెం పెట్టుకుని. చూసి, "దీనికోసమా నాలుగేళ్ళ నించి చదువుతున్నావు?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

ఫొటో అంతా నలుపు. మధ్యలో ఒక తెల్లటి చుక్క, దాని చుట్టూ చీపురుపుల్లల్లాగా ఆరు గీతలు. మసిగుడ్డని ఎండకి ఎత్తి పట్టుకుంటే చిల్లులోంచి వెలుగు పొడుచుకొస్తుంది చూశారూ, అదీ వాటం. మా మనవరాలు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, నేనేదో నోరు తెరుస్తానని నా మొహంలోకి చూస్తోంది. నేను తెరవలేదు. పళ్ళెంలో ఒక రాయి కనపడితే తీసి పక్కన పడేశాను.

అది మా అమ్మాయి కూతురు. పుట్టింది బాపట్లలో, సెలవులన్నీ గడిపింది నా దగ్గర. ఇప్పుడు ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో గెలాక్సీల మీద పరిశోధన. థీసిస్‌లో చివరి అధ్యాయం రాసుకోవడానికి మొన్న ఎండాకాలం నా దగ్గరకి వచ్చింది. వాళ్ళమ్మ ఇంట్లో టీవీ మోగుతూనే ఉంటుంది, నా దగ్గర టీవీ లేదు. కొనలేక కాదు. దాంట్లో ఏడ్చేవాళ్ళని చూడటానికి కరెంటు ఎందుకు కాల్చాలి?

నేను చదివింది ఐదో తరగతి. మా ఆయన పోయాక పప్పు మిల్లులో ఏరుడు పనికి కుదిరాను. ఇరవై ఏళ్ళ పైచిలుకు మినుములో మట్టిబెడ్డలు, గుళ్ళలో తెల్లరాళ్ళు ఏరాను. కాబట్టి చూడటం అంటే ఏంటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు చూడటం రాక పళ్ళు విరగ్గొట్టుకోవడం నేను ఎరుగుదును.

"ఏంటే ఆ చుక్క? నక్షత్రమా?"

"కాదు అమ్మమ్మా, క్వాసార్. ఒక గెలాక్సీ నడిమధ్యలో పెద్ద బ్లాక్ హోల్ ఉంటుంది. చుట్టూ ఉన్న వాయువంతా సుడి తిరుగుతూ దాంట్లోకి పడుతుంది. పడేముందు వేడెక్కి వెలుగుతుంది. ఎంత వెలుగంటే, ఆ గెలాక్సీలో ఉన్న కోట్ల కోట్ల నక్షత్రాలు కూడా దాని ముందు కనపడవు."

"తినబోయే ముందు అంత ఆర్భాటం చేసేవాళ్ళని మన పెళ్ళిళ్ళలో చాలామందిని చూశాను" అన్నాను.

అది నవ్వింది. నవ్వితే ఇక వదలదు. తన పనేంటో చెప్పడం మొదలుపెట్టింది. ఆ వెలుగుని తీసేసి, దాని వెనకాల దాక్కున్న గెలాక్సీని చూడటం దాని పని. వెనకటి రోజుల్లో ఊరేగింపుల్లో నెత్తిన పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని నడిచే మనిషి ఉండేవాడు. అందరి మొహాలూ కనపడేవి, వాడి మొహం తప్ప. వాడి మొహం చూడాలంటే ఏం చెయ్యాలి? లైటు ఆర్పడం వీళ్ళ చేతిలో లేదు. అందుకని ఒక ఒంటరి నక్షత్రాన్ని అదే టెలిస్కోపుతో ఫొటో తీస్తారు. దాని చుట్టూ గెలాక్సీ ఏమీ ఉండదు కాబట్టి, ఆ ఫొటోలో ఉన్నది ఉత్త వెలుగూ, దాని పుల్లలూ. క్వాసార్ ఫొటోలోంచి ఈ ఫొటోని తీసేస్తే మిగిలేది గెలాక్సీ.

మిగిలింది కూడా చూపించింది. మధ్యలో చుక్క పోయింది. దాని చుట్టూ పలచగా, పాలు ఒలికి ఆరిపోయిన జాడలాంటిది ఉంది. కింద ఎడమవైపు ఇంకొంచెం గట్టిగా, చింతకాయలాగా వంపు తిరిగిన మచ్చ ఒకటి.

"అదే!" అంది స్క్రీన్ మీద వేలు పెట్టి. "అది ఇంకో గెలాక్సీ. చిన్నది. పెద్దదాంట్లోకి పడిపోతోంది. అందుకే బ్లాక్ హోల్‌కి అంత తిండి దొరికింది. నా అధ్యాయం అంతా దీని మీదే నిలబడింది. ఇది నిజమైతే ఈ ఏడే థీసిస్ ఇచ్చేస్తాను. గడువు కూడా ఈ ఏడే."

"కాకపోతే?"

"ఎందుకు కాదు?" అంది విసుగ్గా.

నేను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అడిగాను కూడా. "ఆ తీసేసిన నక్షత్రం ఫొటో నువ్వు తీయించుకున్నదేనా?"

"కాదు. వేరేవాళ్ళు ఎప్పుడో తీయించుకున్నది. పాత ఫొటోలు ఎవరైనా వాడుకోవచ్చు. కొత్తగా నక్షత్రాన్ని తీయించుకోవాలంటే మళ్ళీ అర్జీ పెట్టాలి, వాళ్ళు ఒప్పుకోవాలి, ఎదురుచూడాలి. ఎందుకొచ్చిన గొడవ అని ఉన్నదాంతో సరిపెట్టాను."

"నాలుగేళ్ళలో నువ్వు చేసిన తెలివైన పని అదొక్కటే" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోకుండా ఉండలేకపోతున్నాను.

ఆ తర్వాత పళ్ళెం సంగతి వచ్చింది. స్టీలు పళ్ళెంలో గుళ్ళు పోసి కిటికీ దగ్గర కూర్చుంటే, పళ్ళెం మెరుపూ తెల్లరాయీ ఒకలాగే కనపడతాయి. మిల్లులో కొత్తగా చేరినవాళ్ళు మెరుపుని ఏరడానికి వేళ్ళు పెట్టి గోళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు. పాతవాళ్ళం పళ్ళెం తిప్పేవాళ్ళం. పావువంతు తిప్పితే చాలు. రాయి పప్పుతో పాటు పక్కకి జరుగుతుంది. మెరుపు కదలదు, కిటికీ వైపే ఉండిపోతుంది. కదిలింది పళ్ళెంలోది, కదలనిది మన కంటిది.

"నీ మచ్చని తిప్పి చూశావా?" అన్నాను.

అది ల్యాప్‌టాప్‌ని అడ్డంగా తిప్పి నాకు చూపించి, "ఇదిగో, తిరిగింది" అని వెక్కిరించింది.

"ఫొటోని కాదే. తీసే కెమెరాని తిప్పాలి."

అప్పుడు మాత్రం నావైపు కాస్త మర్యాదగా చూసింది. "మేమూ అదే చేస్తాం అమ్మమ్మా. టెలిస్కోపు కాస్త పక్కకి వాలి మళ్ళీ అదే క్వాసార్‌ని తీస్తుంది. ఆకాశంలో ఉన్నవన్నీ ఫొటోలో పక్కకి తిరిగి కనపడతాయి. టెలిస్కోపులో పుట్టిన మచ్చలు ఉన్నచోటే ఉంటాయి. రెండో ఫొటోకి ఎప్పుడో అర్జీ పెట్టాం, ఇప్పటికి వరస వచ్చింది, ఈ నెలలోనే తీస్తారు. కానీ టెలిస్కోపు తన ఇష్టమొచ్చినట్టు తిరగలేదు. ఎండ తగలకూడదు. ఎప్పుడూ సూర్యుడికి అడ్డంగా గొడుగు పట్టుకునే ఉంటుంది. సూర్యుడి వైపు నించి వీలు కుదిరితే గానీ కావలసిన వాలు రాదు. అందుకే ఇన్ని నెలలు పట్టింది."

అంత గొప్ప టెలిస్కోపుట. భూమి వదిలి అంత దూరం వెళ్ళిందిట. పావువంతు వాలడానికి నెలలు! ఎండ తగిలితే కందిపోతుందని గొడుగేసుకుని కూర్చున్నదాన్ని నమ్ముకుని ఈ పిల్ల కళ్ళజోడు తెచ్చుకుంది.

ఈలోగా రేపల్లె నించి మా అబ్బాయి దిగాడు. వాడికి అక్కడ ఎరువుల షాపు. షాపు కన్నా ఎక్కువగా వాడికి ఉన్న వ్యాపారం ఫ్లెక్సీలు. ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి ఏ పదవి వచ్చినా, రేపల్లె స్టేషన్ ఎదురుగా వాడు చేతులు జోడించి ఫ్లెక్సీలో నిలబడి ఉంటాడు. కన్నతల్లిని, నాకు వాడు ఇన్ని దణ్ణాలు ఎప్పుడూ పెట్టలేదు.

వాడు మేనకోడలి ల్యాప్‌టాప్‌లో మచ్చని చూశాడు. "ఇది నువ్వే కనిపెట్టావా అమ్మాయ్?"

"అవును మామయ్యా. నాకన్నా ముందు ఎవరూ చూడలేదు. కాకపోతే ఇంకా రెండో ఫొటో..."

వాడికి 'అవును' దాకానే వినపడింది. అప్పటికే ఫోను చెవి దగ్గర ఉంది. "బావా, మన పిల్ల ఒక గెలాక్సీని కనిపెట్టిందయ్యా! ఆఁ, గెలాక్సీయే!"

వారం తిరక్కముందే రేపల్లెలో సన్మాన సభ ఖాయమైంది. హాలు మాట్లాడేశాడు. అధ్యక్షత వహించడానికి బాపట్ల నించి ఒక మాస్టారు. వాడికి కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనాయన. కొత్త ఫ్లెక్సీ ఫొటో ఫోన్లో పంపాడు. నడుమ పాల జాడ, పక్కన మచ్చ. మచ్చ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, బాణం గుర్తు వేసి, 'మా అమ్మాయి కనుగొన్న గెలాక్సీ' అని. ఒకవైపు పిల్ల ఫొటో, ఇంకోవైపు చేతులు జోడించిన వీడు. పైన 'ఖగోళాన్ని జయించిన రేపల్లె ఆణిముత్యం'. ఆ పిల్ల రేపల్లెలో వరసగా మూడు రోజులున్న పాపాన పోలేదు. వీడి మొహం మాత్రం గెలాక్సీకి రెండింతలుంది.

నాకు సన్మానాలంటే ఎలర్జీ. శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, ఆ శాలువా మడత విప్పకుండానే ఇంకో సభలో ఇంకొకళ్ళ మీదకి వెళ్తుంది. చలి లేని ఊళ్ళో ఉన్నిగుడ్డ. ఒకళ్ళ చెమట ఇంకొకళ్ళకి అంటించడం తప్ప అందులో మర్యాదేముంది?

కానీ చూడవలసింది పిల్లని. ఆపమని ఒక్క మాట అనలేదు. "మామయ్య వినడు కదా" అంది. వినడు, నిజమే. కానీ గట్టిగా చెప్పనూ లేదు. ఆ ఫ్లెక్సీ ఫొటోని స్నేహితులకి పంపడం నేను చూశాను. దానికి బాగానే ఉంది. నాలుగేళ్ళు చీకటి ఫొటోలు చూసుకుంటూ కూర్చున్న పిల్లకి తన మొహం స్టేషన్ ఎదురుగా వెలగడం బాగానే ఉంటుంది. ఆశపడటం తప్పని అనను. రెండో ఫొటో రాకముందు పడటం తప్పు.

దాన్నంటున్నాను గానీ, నేను మాత్రం ఏం చేశాను? పెట్టె అడుగున పడున్న పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇచ్చాను. ఆ చీర నేను కట్టి పదేళ్ళు దాటింది. ఇస్త్రీ అబ్బాయి, "ఏంటండి విశేషం?" అంటే, "మా మనవరాలు ఒక గెలాక్సీని కనిపెట్టింది" అన్నాను. నేనే అన్నాను, ఈ నోటితోనే.

సభ ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్న కాఫీల వేళ, రెండో ఫొటో వచ్చింది.

అది తన లెక్కలేవో చేసుకుని, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది. నేను గ్లాసు పట్టుకుని వెనకాలే నిలబడ్డాను. రెండో ఫొటోలో అన్నీ పక్కకి తిరిగాయి. దూరంగా ఉన్న చిన్న చిన్న గెలాక్సీలు జరిగాయి. మధ్యలో పాల జాడలాంటిది కాస్త కోలగా ఉంటుంది, దాని కోల కూడా తిరిగింది. మచ్చ తిరగలేదు. కింద ఎడమవైపు, ఎక్కడ ఉండేదో అక్కడే, ఆ చింతకాయ.

దాని కాఫీ మీద మీగడ కట్టింది.

"ఎక్కడో పొరపాటు చేసి ఉంటాను" అని మళ్ళీ మొదట్నించీ చేసింది. మధ్యాహ్నం దాకా చేసింది. మచ్చ అక్కడే ఉంది. పెరుగన్నం కంచంలో పెట్టి పక్కన పెడితే ఎండిపోయింది. అన్నం పారేసేదాన్ని కాదు కాబట్టి నేనే నీళ్ళు పోసుకుని తిన్నాను.

చివరికి అదే చెప్పింది, నా వైపు చూడకుండా. "ఇది గెలాక్సీ కాదు అమ్మమ్మా. క్వాసార్ వెలుగే టెలిస్కోపు అద్దాల్లో చెదిరి అక్కడ పడింది. నక్షత్రాన్ని తీసేసినప్పుడు దాంతో పాటు పోవాలి. పోలేదు. ఎందుకంటే నక్షత్రం రంగు వేరు. అది బాగా నీలం, నా క్వాసార్ ఎరుపు. వెలుగు రంగుని బట్టి చెదురుతుంది. అదే రంగు నక్షత్రాన్ని విడిగా తీయించుకుని ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది."

"మరెందుకు తీయించుకోలేదు?"

తల తిప్పి నా కళ్ళలోకి చూసింది. "ఉన్నదాంతో సరిపెట్టాను. తెలివైన పని అన్నావు కదా."

నేను గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళాను. అప్పటికే కడిగిన గ్లాసుని ఇంకోసారి కడిగాను.

సరిపెట్టడం నాకు వచ్చిన ఒకే విద్య. పాత చీరని లంగాగా, లంగాని దిండు గలీబుగా, గలీబుని మసిగుడ్డగా వాడాను. ఇద్దరు పిల్లల్ని అలాగే పెంచాను. ఈ పిల్ల సెలవులకి వచ్చినప్పుడల్లా దాని చేత సగం వాడిన నోటు పుస్తకాల్లో మిగిలిన కాగితాలు చింపించి కుట్టించాను. అది నేర్చుకుంది, బాగా నేర్చుకుంది. మసిగుడ్డకి పనికొచ్చే విద్య ఆకాశానికి తీసుకెళ్ళింది. చిరుగు చీరతో సరిపెట్టుకోవచ్చు గానీ, చిరుగు జల్లెడతో ఎవరైనా సరిపెట్టుకుంటారా? మిల్లులో నేను ఎప్పుడూ సరిపెట్టుకోలేదు. ఆ సంగతి దానికి చెప్పడం మర్చిపోయాను.

సాయంత్రం దానికి కొత్త ఆలోచన వచ్చింది. "మీటింగ్ అయిపోనీ. తర్వాత గైడుకి మెయిల్ పెడతాను."

"మీటింగులో ఏం చెప్తావు?"

"ఏదో... క్వాసార్ అంటే ఏంటో, టెలిస్కోపు ఎలా పనిచేస్తుందో. మచ్చ గురించి ఎత్తను."

"మీ మామయ్య ఊరంతా చూసేటట్టు ఎర్ర సున్నా చుట్టి వేలాడదీశాడు. ఎత్తకుండా ఎలా కుదురుతుంది?"

"నీకేం తెలుసు అమ్మమ్మా! గడువు దాటితే నా సీటు పోతుంది. ఇవాళ మచ్చ పోయింది, రేపు సీటు పోతుంది. ఎల్లుండి ఆ కాసేపైనా..." అని ఆగిపోయింది. ఆ కాసేపు ఏంటో చెప్పలేదు. నాకు అర్థమైంది.

మా అబ్బాయికి ఫోన్ చేస్తే వాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "రేపల్లెలో ఎవరికి తెలుస్తుందమ్మా? మచ్చ గెలాక్సీయా, టెలిస్కోపు మరకా అని చూడటానికి ఎవడన్నా పైకెళ్తాడా? ఎమ్మార్వో గారిని కూడా పిలిచాను. నువ్వు నోరు మూసుకుని రా చాలు."

నిజమే, ఎవరూ పైకి వెళ్ళరు. అందుకే కదా వెళ్ళినవాళ్ళు నిజం చెప్పాలి. ఇంత చిన్న విషయం డిగ్రీ చదివిన కొడుక్కి ఐదో తరగతి తల్లి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

పిల్లని మాత్రం మళ్ళీ ఏమీ అనలేదు. అనే హక్కు గ్లాసుతో పాటు కడిగేసుకున్నాను.

సభ రోజు మధ్యాహ్నం తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాం. బాపట్ల మాస్టారు కూడా అక్కడే రైలు మారి మా పెట్టెలోకే వచ్చారు. తెల్ల చొక్కా, చంకలో బ్యాగు. మమ్మల్ని గుర్తుపట్టి ఎదురుగా కూర్చున్నారు.

"నమస్కారం అక్కయ్యగారూ. అదృష్టవంతులండి మీరు."

"కూర్చోండి" అన్నాను.

ఆయన బ్యాగులోంచి ఉపన్యాసం కాగితాలు తీశారు. నాలుగు పేజీలు. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. మనిషి పేరు మార్చి ఏ సభలోనైనా చదువుకోవచ్చు. ఈయన కూడా అదే రకం అనుకున్నాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ పిల్ల వైపు తిరిగి మామూలుగా అడిగారు. "ఏమ్మా, టెలిస్కోపుని ఇంకో వాలులో పెట్టి మళ్ళీ తీశారా?"

నాలుగు ఊళ్ళలో ఇంతమందికి ఫోన్లు వెళ్ళాయి, ఈ మాట అడిగినవాడు ఒక్కడు లేడు.

"తీశారు సార్" అంది పిల్ల. అని కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

మాస్టారు ఆ పిల్లని కాసేపు చూశారు. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నారు. రేపల్లె వచ్చేదాకా పంటల గురించి, ఉక్కపోత గురించి మాట్లాడారు. నేను ఆయన గురించి తప్పుగా అనుకున్నానని అప్పుడు తెలిసింది. అలా తెలియడం నాకు ఇష్టం ఉండదు.

స్టేషన్ బయటికి రాగానే ఫ్లెక్సీ. పిల్ల తలెత్తి తన మొహాన్ని తనే చూసుకుంది. ఫ్లెక్సీలో నవ్వుతోంది, కింద నవ్వడం లేదు.

హాల్లో కుర్చీలు బాగానే నిండాయి. టిఫిన్ ఉందని చెప్పారు కాబట్టి నిండాయి. ఎమ్మార్వో రాలేదు. మా అబ్బాయి మైకు ముందు పావుగంట తన గురించి మాట్లాడి, చివర్లో మేనకోడలి పేరు చెప్పాడు. మాస్టారిని పిలిస్తే ఆయన లేచి, "ఈ సభలో మాట్లాడవలసింది అమ్మాయి. తను చెప్పింది విన్నాక అవసరమైతే నేను మాట్లాడతాను" అని కూర్చున్నారు. అధ్యక్షుడు రెండు ముక్కల్లో ముగించడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

పిల్ల మైకు పట్టుకుంది. నేను ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. అది క్వాసార్ అంటే ఏంటో చెప్పింది. పెట్రోమాక్స్ లైటు మాట చెప్పింది. ముసలివాళ్ళు తలాడించారు. టెలిస్కోపు గొడుగు సంగతి చెప్పింది, నవ్వారు. తర్వాత ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, వెనక వరసలో ఎవరో మైకు పోయిందనుకుని "సౌండ్, సౌండ్!" అని అరిచారు.

"స్టేషన్ ఎదురుగా ఫ్లెక్సీలో ఎర్ర సున్నా చుట్టారు, చూశారు కదండి" అంది. "అందులో ఉన్నది గెలాక్సీ కాదండి. టెలిస్కోపులో చెదిరిన వెలుగు. రెండు రోజుల కిందట రెండో ఫొటో వచ్చింది. అన్నీ తిరిగాయి, అది తిరగలేదు. సరైన నక్షత్రాన్ని వాడకుండా ఉన్నదాంతో సరిపెట్టడం నా తప్పు. రెండో ఫొటో రాకముందు మామయ్యని ఆపకపోవడం కూడా నా తప్పే. నేను గెలాక్సీని ఏమీ కనిపెట్టలేదండి."

చప్పట్లు కొట్టారు! హాలంతా, మోగించి మోగించి కొట్టారు. ఒక్కడికి అర్థమైతే ఒట్టు. ఇంగ్లీషు మాటలు మధ్యమధ్యలో వినపడ్డాయి, ఆడపిల్ల తడుముకోకుండా మాట్లాడింది, చాలు. మా పక్క కుర్చీలో ఆవిడ, "ఎంత బాగా చెప్పిందండి, ఇంకోటి కూడా కనిపెడుతుంది లెండి" అంది. ఒక మనిషి తన తప్పు ఒప్పుకోవడానికి గుండె చిక్కబట్టుకుని నిలబడితే, దాన్ని కూడా పాటలా విని చప్పట్లు కొట్టే జనం. వీళ్ళ మెప్పు కోసమా ఈ పిల్ల రెండు రోజులు అన్నం మానేసింది?

మా అబ్బాయి శాలువా పట్టుకుని, కప్పాలో వద్దో తెలియక, పెళ్ళిలో తెర పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. వాడికి మాత్రం అర్థమైంది. మాస్టారు లేచి వాడి చేతిలోంచి శాలువా తీసుకున్నారు. పిల్ల వద్దన్నట్టు తలూపింది. ఆయన బలవంతం చెయ్యలేదు. బల్ల మీద పెట్టి, మెల్లగా ఏదో అడిగారు. మైకు దగ్గర్లోనే ఉంది కాబట్టి నాకు వినపడింది.

"క్వాసార్ చుట్టూ పలచగా ఉన్నది తిరిగిందా అమ్మా?"

"తిరిగింది సార్."

"అయితే అది నిజం. దాన్ని వదలకు."

ఆ మాటకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తిరుగు రైలుకి ఇంకా టైముంది. మా అబ్బాయి మొహం మాడ్చుకుని స్టేషన్ దాకా వచ్చాడు. "ఆ ఫ్లెక్సీ దింపు" అన్నాను. "రేపు దింపిస్తాలేమ్మా" అన్నాడు. "ఇప్పుడు దింపు. అబద్ధాన్ని ఇంకో పూట వేలాడదీస్తావా?" కర్రలెక్కి తాళ్ళు కోసి కింద పడేశాడు. నేను చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను.

"అదెందుకు అమ్మమ్మా?" అంది పిల్ల రైల్లో.

"మందంగా ఉంది. మేడ మీద మినుములు ఎండబోసుకోవచ్చు."

మర్నాడు గైడుకి అంతా రాసింది. ఆయనేదో మెచ్చుకుంటాడని నేను అనుకోలేదు, మెచ్చుకోలేదు కూడా. నక్షత్రం విషయంలో బాగా చీవాట్లు పెట్టాడు. గడువు పెంచమని యూనివర్సిటీని అడుగుతానన్నాడుట. ఇస్తారో లేదో తెలియదు. పాల జాడ లాంటిది మిగిలింది కదా, అది నిజం గెలాక్సీయే కాబట్టి అధ్యాయం దాని మీద మళ్ళీ రాయాలిట. ఈసారి సరైన రంగు నక్షత్రం కోసం విడిగా అర్జీ పెట్టింది. అర్జీ రాస్తున్నంతసేపూ నేను పక్కనే కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు రాదు. అయినా కూర్చున్నాను.

ఫ్లెక్సీని మేడ మీద తిరగేసి పరిచి మినుములు పోశాను. బొమ్మ వైపు పైకి పెడితే రంగు అంటుతుందని తిరగేశాను, ఎవరి మొహమో చూడలేక కాదు. నాలుగు రోజులు బాగానే ఎండాయి. ఐదో రోజు మినుములు ఎత్తుదామని ఒక కొస పట్టుకుంటే, నడిమధ్య నించి జలజలమని కారిపోయాయి. చూస్తే అరచేయంత చిల్లు. కత్తిరితో చక్కగా గుండ్రంగా కోసిన చిల్లు. పొద్దున్నే మసకలో పరిచాను, అప్పుడు చూసుకోలేదు. అప్పటికే పిల్ల యూనివర్సిటీకి రైలెక్కేసింది.

ఫోన్ చేసి అడిగాను. "ఆ ఎర్ర సున్నా ముక్క నువ్వేనా కోసుకెళ్ళింది?"

"అవును అమ్మమ్మా. నా బల్ల ముందు గోడకి అంటించాను."

"చేసిన తప్పుని ఎవరైనా గోడకి అంటించుకుంటారా? బంగారంలాంటి పట్టా. వాడుకుంటే పదేళ్ళు వచ్చేది."

"చిల్లుకి ఏదో ఒక ముక్క వేసి సరిపెట్టు" అంది. నవ్వుతోందని తెలుస్తోంది.

నేను సరిపెట్టలేదు. బజారుకెళ్ళి అదే మందం పట్టా ముక్క అడిగి తెచ్చి, చుట్టూ రెండు వరసలు కుట్టాను. మేడ మీద పేరుకున్న మట్టిలో పడ్డ మినుములు మాత్రం ఇంకా ఏరుతూనే ఉన్నాను. బెడ్డేదో గింజేదో తెలియడం లేదు.